జాత్యహంకారానికి నిర్వచనం రాయడానికి కూర్చున్నాం, రెండు నెలలైనా లేవలేదు

మూడోబెంచి · సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మా యూనివర్సిటీలో జాతి వివక్ష ఫిర్యాదుల కోసం కొత్త పాలసీ రాస్తున్నారు. కమిటీలో తొమ్మిది మంది ఉన్నారు, విద్యార్థుల తరఫున నేనొక్కడినే. మొదటి పేజీలో "జాత్యహంకారం అంటే" అని మొదలయ్యే వాక్యం ఒకటి ఉండాలి. ఆ ఒక్క వాక్యం దగ్గరే రెండు నెలలు గడిచాయి.

రెండు సంఘటనలు ముందు పెట్టుకుని మాట్లాడుతున్నాం (వివరాలు కాస్త మార్చాను). ఒకటి, ఒక విద్యార్థి గది తలుపు మీద రాత్రికి రాత్రి ఎవరో అతని జాతిని తిడుతూ బూతుమాట రాసిపోయారు. దీని మీద ఎవరికీ అనుమానం లేదు. రెండోది, ఒక ల్యాబ్‌లో ఒకే దేశం నుంచి వచ్చిన అమ్మాయిలు ఇద్దరున్నారు. అక్కడ పాఠం చెప్పే ఆయన ఏడాది పొడవునా ఒకరిని ఇంకొకరి పేరుతో పిలుస్తూ వచ్చారు. సరిచేస్తే నవ్వేసి "మీరిద్దరూ ఒకేలా ఉంటారు కదా" అంటారట. ఒకసారి ఒకరి మార్కులు ఇంకొకరి ఖాతాలో పడ్డాయి కూడా.

ఇది జాత్యహంకారమేనని సగం మంది. మనిషి మంచివాడు, మనసులో ఏమీ లేదు, దీన్ని ఆ తలుపు మీద రాతతో కలిపి ఒకే గాట కట్టొద్దని మిగతా సగం. నేను మొదటి సగంలో ఉన్నాను కానీ, ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేకపోతున్నాను. నిర్వచనం ఎలా ఉండాలంటారు?

---

తర్కబాణం · సోమవారం, రాత్రి 11:05

ఇందులో రెండు నెలలు తన్నుకోవడానికి ఏముందో నాకర్థం కాలేదు. ఒక జాతివాళ్లు పుట్టుకతోనే తక్కువ అనుకోవడం, అలా అనుకుని వాళ్లకి చెడు చేయడం జాత్యహంకారం. ఏ నిఘంటువు తీసినా ఇదే ఉంటుంది. ఉద్దేశం లేకుండా నేరం ఎక్కడుంది? పేర్లు గుర్తుండకపోవడం మతిమరుపు. దాన్నీ ఆ బూతు రాతనీ ఒకే మాటతో పిలిస్తే ఆ మాటకి పదును పోతుంది. రేపు నిజంగా జరిగినప్పుడు ఎవరూ పట్టించుకోరు.

---

చాక్‌పీసు · సోమవారం, రాత్రి 11:31

మూడోబెంచి గారూ, నిర్వచనం సంగతి తర్వాత. ఆ తారుమారైన మార్కులు సరిచేశారా?

---

పాతకేసులు · మంగళవారం, ఉదయం 6:50

"ఉద్దేశం లేకుండా ఎలా" అన్న ప్రశ్న కొత్తదేం కాదు. 1965 డిసెంబర్ 21న ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని ఆమోదించింది. అది 1969 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో మొదటి అధికరణమే నిర్వచనం. జాతి, రంగు, వంశం, జాతీయ మూలం, తెగ మూలం, వీటిలో దేన్ని ఆధారం చేసుకుని అయినా మనుషుల మధ్య తేడా చూపించడం, వెలివేయడం, అడ్డుకట్ట వేయడం, ఒకరికి ఎక్కువ పెట్టడం, దానివల్ల ఇంకొకరి హక్కులకి గండి పడటం అని దాని సారం. ఇక్కడ అసలు కీలకం ఏమిటంటే, గండి కొట్టాలన్న "ఉద్దేశం గానీ, ఆ ఫలితం గానీ" ఉంటే చాలంది. రెండూ ఉండాలనలేదు.

అంటే ఆరు దశాబ్దాల కిందటే ఎంతో దూరం చర్చించి "గానీ" అనే చిన్న మాట పెట్టారు. మీ కమిటీ ఆ "గానీ" దగ్గర ఇరుక్కుంది, అంతే.

ఇంకో సంగతి. ఆ ఒప్పందం నిర్వచించింది "జాతి వివక్ష"ని, "జాత్యహంకారా"న్ని కాదు. ఇది కాకతాళీయం అనుకోను.

---

పదకోశం · మంగళవారం, ఉదయం 8:15

పాతకేసులు గారు చివర్లో అన్న ముక్క దగ్గర నాకు నోరు ఊరుకోవడం లేదు, క్షమించాలి. మనం తెలుగులో రేసిజాన్ని "జాత్యహంకారం" అంటున్నాం. మాటలోనే అహంకారం కూర్చుంది. అహంకారం మనిషి గుణం. కాబట్టి ఈ మాట వినగానే మన బుర్ర "ఆయన అహంకారా? కాదే, మంచాయన కదా" అనే దారిలోకి పోతుంది. తలుపు మీద బూతు రాసినవాడు ఆ మాటలో సరిగ్గా ఇమిడిపోతాడు. ల్యాబ్ ఆయన ఇమడడు, ఎందుకంటే ఆయనలో అహంకారం నిజంగానే లేకపోవచ్చు.

"వర్ణ వివక్ష" అంటే దక్షిణాఫ్రికా గుర్తొస్తుంది, పైగా ఒంటి రంగు దగ్గరే ఆగిపోతుంది. యాస గురించీ పేరు గురించీ చెప్పాలంటే చాలదు. "జాతి" అన్న మాటకైతే లెక్కే లేదు. జాతీయ జెండాలో ఉన్నదీ జాతే, పశువుల్లో ఉన్నదీ జాతే, కులానికీ అదే వాడేవాళ్లున్నారు. ఇన్ని అర్థాల మధ్య నిలబడగలిగింది "జాతి వివక్ష" ఒక్కటే. అది పనికి పేరు పెడుతుంది, మనిషికి పెట్టదు. మీ కమిటీ పత్రం ఏ భాషలో రాస్తున్నా ఈ తేడా పనికొస్తుంది. మనిషి ఎలాంటివాడో తేల్చాలని కూర్చుంటే రెండేళ్లైనా తేలదు.

---

నిశ్శబ్దం · మంగళవారం, మధ్యాహ్నం 1:20

చాలా కాలంగా చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాస్తాను.

నేను పరాయి దేశంలో చదివేటప్పుడు గ్రూప్ ప్రాజెక్టులో నలుగురం. నా యాస అర్థం కాదని చివరి ప్రెజెంటేషన్‌లో నన్ను మాట్లాడనివ్వలేదు. స్లైడ్లు మాత్రం నేనే చేశాను. మార్కుల్లో మూడో వంతు మాట్లాడినందుకే ఉంది, అది నాకు సున్నా పడింది. మేడమ్‌తో చెబితే "వాళ్లు నీకు టెన్షన్ లేకుండా చేశారు, మంచికే కదా" అన్నారు.

తర్వాత ఫిర్యాదు ఫారం తెచ్చుకున్నాను. మొదటి ప్రశ్నే "ఇది జాతి కారణంగా జరిగిందని మీరు నిరూపించగలరా?" అని ఉంది. అవును, కాదు అని రెండు గళ్లు. గంటసేపు ఆ రెండు గళ్ల వైపు చూశాను. వాళ్ల మనసులో ఏముందో నాకేం తెలుసు? ఆ ముగ్గురూ నాతో బాగానే ఉండేవాళ్లు. పుట్టినరోజుకి కార్డు కూడా ఇచ్చారు. అవును అని టిక్ పెడితే వాళ్లని దుర్మార్గులని రాసిచ్చినట్టు. కాదు అని పెడితే నాకేం జరగనట్టు. ఫారం మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మీ నిర్వచనం ఎలా ఉన్నా సరే, ఆ భారం మాత్రం ఫిర్యాదు చేసేవాళ్ల మీద పెట్టకండి.

---

తర్కబాణం · మంగళవారం, మధ్యాహ్నం 2:02

నిశ్శబ్దం గారూ, మీకు అన్యాయం జరిగింది, అందులో సందేహం లేదు. నా అనుమానం వేరే. బ్రిటన్‌లో 1999లో మాక్‌ఫర్సన్ నివేదిక వచ్చింది. బాధితుడు గానీ ఇంకెవరైనా గానీ జాత్యహంకారం అనుకుంటే అది జాత్యహంకార సంఘటనే అని అందులో ఉంది. అంటే ఎవరో ఒకరు అనుకుంటే చాలా? అనుకోవడమే సాక్ష్యమైతే ఇక విచారణ దేనికి? ఆ ల్యాబ్ ఆయన స్థానంలో మీరుంటే ఒప్పుకుంటారా?

---

పాతకేసులు · మంగళవారం, మధ్యాహ్నం 3:40

మంచి ప్రశ్న వేశారు. ఆ వాక్యాన్ని సగం ప్రపంచం తప్పుగానే చదివింది.

1993 ఏప్రిల్‌లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాణ్ణి బస్‌స్టాప్ దగ్గర పొడిచి చంపారు. పోలీసులు దర్యాప్తు సరిగ్గా చేయలేదు. దాని మీద వేసిన విచారణ నివేదికే ఇది. పోలీసులు ఫిర్యాదు వచ్చిన చోటే "ఇందులో జాతి గొడవేం లేదు" అని కొట్టిపారేసే అలవాటుకి అడ్డుకట్ట వేయడానికే ఆ వాక్యం రాశారు. బాధితుడు అలా అంటే అలాగే నమోదు చెయ్యి, ఆ కోణంలో దర్యాప్తు చెయ్యి అని దాని భావం. తప్పు చేసినవాడు ఎవరో, చేశాడో లేదో ఆ వాక్యం తేల్చదు. అది గుమ్మం దగ్గర వాడాల్సిన నిర్వచనం. తీర్పు గదిలోకి తీసుకెళ్లకూడదు.

తీర్పుకి వేరే కొలత ఉంది. అక్కడే 2010 సమానత్వ చట్టం వేధింపుని ఎలా చూస్తుందంటే, ప్రవర్తన ఎదుటివారికి ఇష్టం లేనిదై ఉండాలి, జాతితో సంబంధం ఉండాలి, వారి గౌరవాన్ని దెబ్బతీసే లేదా అవమానకరమైన వాతావరణం సృష్టించే ఉద్దేశం గానీ ఫలితం గానీ ఉండాలి. ఫలితం ఉందా లేదా అని చూసేటప్పుడు మూడు విషయాలు లెక్కలోకి తీసుకుంటారు. బాధితుడికి ఏమనిపించింది, మిగతా పరిస్థితులేమిటి, అలా అనిపించడం సబబేనా. చూశారా, అనుకోవడం ఉంది, దాని పక్కనే సబబు కూడా ఉంది.

మీ భయానికీ ఆధారం లేకపోలేదు. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ 1988లో ఇలాంటి నియమావళి తెచ్చింది. కించపరిచే మాటలన్నిటినీ నిషేధించింది. బయాలజీకీ మనస్తత్వానికీ మధ్య ఉన్న విషయాలు చదివే విద్యార్థి ఒకడు, తరగతిలో వివాదాస్పద సిద్ధాంతాల గురించి మాట్లాడినా శిక్ష పడుతుందేమోనని కోర్టుకెక్కాడు. 1989లో కోర్టు ఆ నియమావళిని కొట్టేసింది. మరీ విశాలంగా, మరీ అస్పష్టంగా ఉందంది. 1991లో విస్కాన్సిన్ యూనివర్సిటీ నియమావళికీ అదే గతి పట్టింది. అక్కడ ప్రభుత్వ విద్యాసంస్థలకి వాక్‌స్వాతంత్ర్యం రాజ్యాంగ బాధ్యత. మీది ఏ దేశమో నాకు తెలీదు, కానీ చర్చ వేరు, ఒక మనిషిని గురి చేయడం వేరు అని పత్రంలో విడిగా రాయకపోతే అది ఎక్కడైనా ఎదురు తిరుగుతుంది.

---

చాక్‌పీసు · మంగళవారం, రాత్రి 9:10

నేను పాఠాలు చెప్పేవాణ్ణి. ఒకప్పుడు నా మీద ఇలాంటి ఫిర్యాదే వచ్చింది. ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు.

తరగతిలో ప్రశ్నలు అడిగేటప్పుడు కొన్ని పేర్లు నాకు నోరు తిరిగేవి కావు. తప్పు పలికి నవ్వులపాలవడం ఎందుకని ఆ పేర్లున్న పిల్లలని అడగడమే మానేశాను. అది వాళ్ల మీద దయ అనుకున్నాను, నిజానికి నా పరువు గురించి. ఏడాది చివర్లో డీన్ పిలిచి, తరగతిలో పాల్గొన్నందుకు నేను ఇచ్చిన మార్కుల జాబితా ముందు పెట్టారు. అడగనివాళ్లకి మార్కులెలా వస్తాయి? ఆ పేర్లన్నీ కిందే ఉన్నాయి.

ఆ రోజు ఆయన నన్ను "నువ్వు జాత్యహంకారివి" అని ఉంటే నేను ఇప్పటికీ పోట్లాడుతూ ఉండేవాణ్ణి. ఆ మాట అనలేదు. "ఈ జాబితా చూసి మీకేం అనిపిస్తోంది?" అన్నారు. నోట మాట రాలేదు. మార్కులు మళ్లీ వేశాం. పేర్లు పలకడం నేర్చుకున్నాను, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, ఒక వారం పట్టింది.

అందుకే అడిగాను, మళ్లీ అడుగుతున్నాను: ఆ మార్కులు సరిచేశారా?

---

లెక్కలపురుగు · బుధవారం, ఉదయం 7:30

చాక్‌పీసు గారి జాబితా కథ చదివాక నా వంతు వచ్చిందనిపించింది.

ఇప్పటిదాకా అందరూ మాట్లాడింది ఒక మనిషి ఇంకో మనిషికి ఏం చేశాడన్నదే. మనిషంటూ కనబడని వివక్ష ఒకటుంది. 1967లో అమెరికాలో స్టోక్లీ కార్మైకేల్ అనే నల్లజాతి ఉద్యమ నాయకుడూ, చార్లెస్ హామిల్టన్ అనే ప్రొఫెసరూ దానికి సంస్థాగత జాత్యహంకారం అని పేరు పెట్టారు. వాళ్లిచ్చిన ఉదాహరణ మర్చిపోలేం. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో చర్చి మీద బాంబు వేసి నలుగురు నల్లజాతి అమ్మాయిలని చంపితే లోకమంతా ఖండించింది. అదే ఊళ్లో సరైన తిండీ, ఇల్లూ, వైద్యమూ అందక ఏటా వందల మంది నల్లజాతి పసిపిల్లలు చనిపోతుంటే దాన్ని ఎవరూ నేరం అనలేదు. వేలెత్తి చూపడానికి అక్కడ మనిషి లేడు.

యూనివర్సిటీల్లో ఇది అంకెల్లో కనబడుతుంది. బ్రిటన్‌లో ఒకే స్థాయి మార్కులతో చేరినా నల్లజాతి విద్యార్థులకి చివర్లో ఉన్నత శ్రేణి డిగ్రీలు తక్కువగా వస్తున్నాయని ఏళ్లుగా తెలుసు. ఎవరో ఒక్క లెక్చరర్ పగబట్టి చేస్తున్నది కాదిది. పాఠ్యాంశాలు, గైడ్ దొరకడం, ఎవరి ప్రశ్నకి ఎంత సమయం ఇస్తారు, ఇలాంటివన్నీ చుక్కచుక్కగా పేరుకుంటాయి.

పాఠంలోనే ఉన్నదానికి ఒక ఉదాహరణ చెప్తాను. కిడ్నీ ఎంత పనిచేస్తోందో లెక్కగట్టే సూత్రంలో రోగి నల్లజాతి మనిషైతే ఫలితాన్ని పెంచి చూపే గుణకం ఉండేది. వైద్య విద్యార్థులు దాన్ని అలాగే బట్టీపట్టారు. దానివల్ల కిడ్నీ దెబ్బతిన్నా బాగానే ఉన్నట్టు కనబడి, మార్పిడి జాబితాలోకి ఆలస్యంగా ఎక్కినవాళ్లున్నారు. 2021లో అమెరికాలో ఆ గుణకాన్ని తీసేయమని నిపుణుల సంఘాలు చెప్పాయి. ఆ సూత్రం నేర్పిన మాస్టార్లలో ఎంతమంది దుర్మార్గులు? బహుశా ఒక్కరూ లేరు.

తర్కబాణం గారి నిఘంటువు నిర్వచనంలో వీటికి చోటెక్కడ? నిఘంటువు అంటే గుర్తొచ్చింది. 2020లో అమెరికా నిఘంటువు మెరియం వెబ్‌స్టర్ వాళ్లకి అప్పుడే డిగ్రీ పూర్తిచేసిన ఒకమ్మాయి ఉత్తరం రాసింది, మీ అర్థం చూపించి నా నోరు మూయిస్తున్నారు అని. వాళ్లు వ్యవస్థాగతమైన అర్థం స్పష్టంగా తెలిసేలా ఆ పదం వివరణని సవరించారు. నిఘంటువు కూడా మారుతుందండీ.

---

తర్కబాణం · బుధవారం, ఉదయం 9:48

కిడ్నీ ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. కానీ డిగ్రీల తేడాకి ఇంటి ఆదాయం, పార్ట్ టైమ్ ఉద్యోగాలు, ఇలా వంద కారణాలుంటాయి. తేడా కనబడిన ప్రతిచోటా జాతి అని రాసేస్తే అసలు కారణం చేజారుతుంది.

---

లెక్కలపురుగు · బుధవారం, ఉదయం 10:05

నిజమే. అంకె తేడా ఉందని చెబుతుంది, కారణం చెప్పదు. అందుకే వెతకాలి. వెతకాల్సిన బాధ్యత సంస్థదని పత్రంలో ఉండాలి. నేను అడిగేది అంతవరకే.

---

వలసపిట్ట · బుధవారం, మధ్యాహ్నం 12:30

ఇంతసేపూ మనం బాధితుల వైపు కూర్చుని హాయిగా మాట్లాడుతున్నాం. కొంచెం అద్దం కూడా చూసుకుందాం.

పైన పాతకేసులు గారు చెప్పిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో "వంశం" అన్న మాటని చేర్చమని అడిగింది భారతదేశమే. 2002లో ఆ ఒప్పందాన్ని పర్యవేక్షించే కమిటీ, వంశం అంటే కులం కూడా అందులోకి వస్తుందని చెప్పింది. దానికి ముందు ఏడాది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్ష మీద జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో మన ప్రభుత్వం కులం జాతి కాదని గట్టిగా వాదించింది. శాస్త్రం ప్రకారం కులం జాతి కాదు, సరే. ఆ మాటకొస్తే జాతి కూడా శాస్త్రం ప్రకారం అంత గట్టి గోడేం కాదు. 1972లో జన్యు శాస్త్రవేత్త రిచర్డ్ లెవోంటిన్ లెక్కగడితే మనుషుల జన్యు భేదాల్లో 85 శాతం దాకా ఒకే జనసమూహం లోపలే కనిపించాయి. కాబట్టి ప్రశ్న రక్తం గురించి కాదు, పుట్టుక చూసి ఎదుటివాళ్లతో ఎలా నడుచుకుంటున్నాం అన్నదాని గురించి.

విదేశీ క్యాంపసుల్లో కులం గురించిన ఫిర్యాదులు మన మీదే వచ్చాయి. అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, అప్పటికి 23 క్యాంపసులున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలో తమ వివక్ష నిషేధ విధానాల్లో కులాన్ని చేర్చాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో నల్లవాళ్ల గురించి రాసే మాటల జోలికి నేను పోను, అందరికీ తెలిసినవే. మూడోబెంచి గారూ, జాబితాలో "వంశం" పెట్టండి. మనవాళ్లే కమిటీలో ఉంటే ముందుగా జారిపోయేది ఆ మాటే.

---

గోడమీదపిల్లి · బుధవారం, మధ్యాహ్నం 12:51

మొదలైంది. ప్రతి చర్చా చివరికి కులం దగ్గరికే.

---

నిర్వాహకులు · బుధవారం, మధ్యాహ్నం 1:15

వలసపిట్ట గారి పోస్టు విషయంలోనే ఉంది, అలాగే ఉంచుతున్నాం. దాని కింద వచ్చిన మరో ఆరు పోస్టులు మాత్రం వ్యక్తిగత దూషణ వల్ల తీసేశాం. కొనసాగించండి.

---

మూడోబెంచి · బుధవారం, రాత్రి 11:20

అందరికీ ధన్యవాదాలు. రెండు రోజులుగా ఇదే చదువుతున్నాను. ఇన్నాళ్లూ ఒక్క నిర్వచనంతో మూడు పనులు చేయించాలని చూశామని అర్థమైంది. అందుకే అది ఎటు లాగినా చిరిగిపోయింది. రేపటి మీటింగ్ కోసం ఇలా రాసుకున్నాను:

"ఫిర్యాదు తీసుకునేటప్పుడు: బాధితులు గానీ చూసినవారు గానీ జాతి వివక్ష అని చెబితే అలాగే నమోదు చేస్తాం. నిరూపించమని అడగం.

నిర్ణయం తీసుకునేటప్పుడు: జాతి, రంగు, వంశం, జాతీయ మూలం లేదా తెగ మూలంతో ముడిపడిన ప్రవర్తన, యాస, పేరు కారణంగా జరిగినది కూడా, ఒకరి చదువుకి, పనికి, గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో గానీ ఫలితంతో గానీ ఉందా అని సబబైన కొలతతో చూస్తాం. ఉద్దేశం ఉంటే శిక్ష వైపు, లేకపోతే ముందు సరిదిద్దడం వైపు వెళ్తాం. తరగతిలో ఒక విషయాన్ని చర్చించడం దీని కిందికి రాదు.

సంస్థగా: ప్రవేశాలు, మార్కులు, మానేసినవారు, నియామకాల అంకెలు ఏటా ప్రచురిస్తాం. తేడా కనిపిస్తే కారణం వెతికే బాధ్యత మాది."

"జాత్యహంకారి" అన్న మాట పత్రంలో ఎక్కడా లేదు. పదకోశం గారికి ప్రత్యేకంగా నమస్కారం.

---

తర్కబాణం · బుధవారం, రాత్రి 11:44

రెండో పేరాలో "సబబైన కొలత" ఉంది, శిక్షకీ సరిదిద్దడానికీ తేడా ఉంది. నాకు అభ్యంతరం లేదు. మూడో పేరాలో అంకెలు ప్రచురించేటప్పుడు మరీ చిన్న విభాగాలైతే మనిషి ఎవరో తెలిసిపోతుంది, అది చూసుకోండి.

---

నిశ్శబ్దం · గురువారం, ఉదయం 6:12

మొదటి పేరాకి చాలా థాంక్స్. ఆ ఫారంలో రెండు గళ్లు లేకపోతే నేను ఇచ్చేదాన్నేమో.

ఒక్కటి లేదు. ఫిర్యాదు చేశాక ఏమైందో ఆ మనిషికి ఎవరు, ఎన్నాళ్లలో చెబుతారు? 2019లో బ్రిటన్ సమానత్వ కమిషన్ సర్వేలో జాతి వేధింపు ఎదుర్కొన్న విద్యార్థుల్లో మూడింట రెండొంతుల మంది యూనివర్సిటీకి చెప్పనే లేదు. చెప్పినా ఏమీ జరగదన్న అపనమ్మకం పెద్ద కారణం. ఇంకా, మార్కులు వేసేది ఆయనే అయితే ఫిర్యాదు నడిచినన్నాళ్లూ పేపరు వేరేవాళ్లు దిద్దాలి. కక్ష సాధింపు ఉండదని రాస్తే సరిపోదు, అది ఎలా ఆపుతారో రాయాలి.

---

మూడోబెంచి · గురువారం, సాయంత్రం 6:35

మీటింగ్ అయింది. మూడు పేరాలూ చిన్న సవరణలతో ఒప్పుకున్నారు. "వంశం" మీద నలభై నిమిషాలు నడిచింది, ఉంది. నిశ్శబ్దం గారు చెప్పిన రెండూ చేర్చారు, గడువు మాత్రం వచ్చే వారానికి వాయిదా. నేను మూడు వారాలన్నాను, వాళ్లు అరవై రోజులంటున్నారు.

చాక్‌పీసు గారూ, మీరు రెండుసార్లు అడిగితే జవాబివ్వలేదు, నిజానికి నాకు తెలీదు. ఇవాళ మీటింగ్‌లో అడిగాను. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయటికొచ్చి ఆ అమ్మాయికే ఫోన్ చేశాను. సరిచేయలేదట. పరీక్షల విభాగానికి మెయిల్ రాయడానికి కూర్చున్నాను, అది పంపి మళ్లీ వస్తాను.